ఏటా ఏసీ గ్యాస్‌కు రెండు వేలు: పాత కారు ఉంచుకోవాలా, అమ్మేయాలా?

ప్రశ్న: మాది ఖమ్మం. ప్రైవేటు కాలేజీలో లెక్చరర్‌ని. చేతికొచ్చే జీతం 46 వేలు, ఇంటి అద్దె 9 వేలు. 2 లక్షల చిట్టీకి నెలకు 10 వేలు కడుతున్నాను, 20 నెలల్లో ఏడు అయ్యాయి. ఎఫ్‌డీలో 90 వేలున్నాయి. నా చిన్న పెట్రోలు కారు 2012 మార్చిలో రిజిస్టరైంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. నెలకోసారి అమ్మను హైదరాబాద్ ఆసుపత్రికి తీసుకెళ్లాలి, మిగతాది ఊళ్లో తిరుగుడే. మూడేళ్లుగా ఎండాకాలం రాగానే ఏసీ గ్యాస్ నింపిస్తున్నాను. మొదటి ఏడాది 1,800, తర్వాత 2,000, నిరుడు 2,200 చొప్పున రెండుసార్లు. ఈసారి మెకానిక్ ‘గ్యాస్ నింపినా దండగే, కంప్రెసర్, కండెన్సర్, కూలింగ్ కాయిల్ మొత్తం మార్చాలి, 34 వేలు’ అంటున్నాడు. అమ్మితే బండికి లక్షా 20 వేలు వస్తాయట. ఆన్‌రోడ్ 7 లక్షల్లో కొత్త కారు తీసుకో, 5 లక్షలు లోన్ పెడదాం అని మా బావమరిది పట్టుబడుతున్నాడు. చిట్టీ పాడుకుందామా అని కూడా ఉంది. ఈ నెల పాటలో 45 వేలు వదులుకుంటే గానీ దక్కేలా లేదు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు మీరు గ్యాస్‌కు పెట్టిన డబ్బు కలిపాను. మొత్తం 8,200. దీన్ని మీరు సర్వీసింగ్ ఖర్చులో వేసుకున్నట్టున్నారు. చాలామంది అలాగే అనుకుంటారు, ఇంజిన్ ఆయిల్ మార్చినట్టే ఏడాదికోసారి గ్యాస్ పట్టించాలని. కానీ ఏసీ గ్యాస్ పెట్రోలులా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న గొట్టాల్లో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. కూలింగ్ కాయిల్‌లో ఆవిరై బండి లోపలి వేడిని లాక్కుంటుంది, కంప్రెసర్ ఒత్తి పంపితే ముందు గ్రిల్ వెనక కండెన్సర్‌లోకి వెళ్లి ఆ వేడిని బయటికి వదిలి మళ్లీ ద్రవమవుతుంది. పాత బండ్లలో రబ్బరు గొట్టాల నుంచి, కంప్రెసర్ సీలు దగ్గర కాస్తకాస్త పోవడం మామూలే. నాలుగైదేళ్లకోసారి నింపించారంటే అర్థముంది. మీకు ఏటా అవసరమైంది, నిరుడు రెండుసార్లు అవసరమైంది. అంటే ఎక్కడో చిల్లు ఉంది, అది పెద్దదవుతోంది. ఈ మూడేళ్లూ మీరు చిల్లు కుండలో నీళ్లు పోయించారు.

అసలు నష్టం ఆ 8,200తో ఆగదు. కంప్రెసర్ తిరగడానికి కావలసిన ఆయిల్ ఆ గ్యాస్‌తో కలిసే తిరుగుతుంది. గ్యాస్ కారినచోటల్లా కొంత ఆయిల్ కూడా పోతుంది. గ్యాస్ మాత్రమే నింపి ఆయిల్ సంగతి చూడకపోతే కంప్రెసర్ ఎండిపోయి అరుగుతుంది, చివరికి తిరగకుండా పట్టేస్తుంది. మీ మెకానిక్ చెప్పిన 34 వేలు నిజమైన అంచనాయే అయితే, అది ఆ రెండేసి వేల బిల్లులకు పుట్టిన బిడ్డే.

అయితే అది నిజమో కాదో ఇంకా తేలలేదు. మీ ఉత్తరంలో లీకేజీ పరీక్ష చేశారన్న మాట ఎక్కడా లేదు. నా అనుభవం ఒకటి చెబుతాను. నా పాత బండికి కూడా రెండు ఎండాకాలాలు ఇలాగే గ్యాస్ పట్టించాను. ఒక షాపులో అయితే కుర్రాడు పైపు తగిలించి పది నిమిషాల్లో పని ముగించి చేతులు దులుపుకున్నాడు, జూన్ దాటకముందే వేడి గాలి. మూడోసారి వేరే ఏసీ మెకానిక్ దగ్గరికి వెళ్తే ఆయన గ్యాస్ సిలిండర్ వైపే చూడలేదు. బానెట్ ఎత్తి టార్చి పట్టుకుని పైపు జాయింట్ల వెంట వేలు పెట్టుకుంటూ పోయాడు. కండెన్సర్‌లోకి వెళ్లే పైపు దగ్గర ఆగాడు. మిగతా పైపంతా పొడి దుమ్ము, అక్కడ మాత్రం జిడ్డుకు అంటుకుని నల్లగా పేరుకుంది. ‘ఆయిల్ ఎక్కడ కారితే గ్యాస్ అక్కడే పోయింది సార్’ అన్నాడు. నైట్రోజన్ ఎక్కించి సబ్బు నురగ రాస్తే అక్కడే బుడగలు లేచాయి. లోపల చిన్న రబ్బరు రింగు ఎండి పగిలింది. రింగుకు 60 రూపాయలు, పరీక్షకు 800, గ్యాస్ విడిగా. ఆ తర్వాత మళ్లీ నేను ఏసీ మెకానిక్ ముఖం చూడలేదు.

మీ బండికీ 60 రూపాయల్లో అయిపోతుందని చెప్పడం లేదు. 34 వేలకు ఒప్పుకునే ముందు వెయ్యి రూపాయలు పెట్టి లీకు ఎక్కడుందో తేల్చుకోమంటున్నాను. మొత్తం మార్చాలన్న మనిషి దగ్గర కాకుండా వేరే చోట చేయించండి. కంప్రెసర్ ఎందుకు పనికిరాదంటున్నారో సూటిగా అడగండి. అది పట్టేసి, లోపల ఇనుప పొడి రాలి సిస్టమంతా పాకి ఉంటే అన్నీ మార్చాలన్న మాటలో న్యాయముంది. గ్యాస్ లేక కంప్రెసర్ ఆన్ కావడం లేదంటే మాత్రం అది కంప్రెసర్ జబ్బు కాదు. గ్యాస్ తగ్గితే ప్రెజర్ స్విచ్చే దాన్ని ఆపేస్తుంది. ఒక్కోసారి గ్యాస్ నిండా ఉండి కూడా చల్లగా రాదు. కండెన్సర్ దగ్గర ఫ్యాన్ తిరగకపోవచ్చు, దాని సన్నని రేకుల్లో బురద పట్టి ఉండొచ్చు, ఏసీ ఫిల్టర్ మూసుకుపోయి ఉండొచ్చు. ఇవన్నీ చాలా తక్కువలో తేలే పనులు.

లీకు సరిచేశాక గ్యాస్ నింపేటప్పుడు పక్కనే నిలబడండి. ముందు వ్యాక్యూమ్ పంపు కనీసం అరగంట నడవాలి. లేకపోతే గొట్టాల్లో మిగిలిన తేమ యాసిడ్‌కు దారితీసి లోపలి భాగాలను తినేస్తుంది. సిస్టమ్ విప్పారు కాబట్టి తేమ పీల్చే డ్రయర్ కూడా మార్చమనండి. మీ బండిలో వాడేది ఆర్-134ఎ గ్యాస్. ఎంత పట్టాలో బానెట్ కింద స్టిక్కర్ మీద గ్రాముల్లో ఉంటుంది, చిన్న కార్లకు సాధారణంగా అర కిలో లోపే. తూకం వేసి నింపమనండి, బిల్లులో గ్రాములు రాయించుకోండి. చవక గ్యాస్ ఉంది, వేస్తానంటే వద్దనండి. మండే గ్యాస్ కలిసినది ఎక్కించుకుని అమ్మగారిని కూర్చోబెట్టుకుని 200 కిలోమీటర్లు వెళ్లడం ఎందుకు?

ఇక డబ్బు విషయం. కారు అమ్మి లక్షా 20 వేలు, ఎఫ్‌డీలోంచి 80 వేలు, 5 లక్షల లోన్ కలిపితే కొత్త కారు వస్తుంది. 9.5 శాతం వడ్డీకి ఐదేళ్లయితే ఈఎంఐ దాదాపు 10,500, మొత్తం వడ్డీ లక్షా 30 వేలు. చిట్టీ, అద్దె, ఈఎంఐ పోగా మీ చేతిలో 16,500 మిగులుతాయి. అందులోనే ఇల్లు గడవాలి, పెట్రోలు పోయాలి, అమ్మగారి మందులు కొనాలి. ఎఫ్‌డీలో 10 వేలు. ఆసుపత్రికి తిరిగే ఇంట్లో పదివేల నిల్వతో ఉండటం నాకు అసలు నచ్చని విషయం. బావమరిది మంచి కోరే చెబుతున్నారు, కాదనను. కానీ ఈఎంఐ కట్టేది ఆయన కాదు.

ఏసీ మీద పెట్టిన డబ్బు అమ్మేటప్పుడు తిరిగి రాదు. 34 వేలు పెట్టినంత మాత్రాన లక్షా 20 వేల బండి లక్షా 54 వేలు పలకదు. అందుకే ఇంకెన్నాళ్లు నడుపుతారన్నదే అసలు లెక్క. ఆరు నెలల్లో అమ్మేసేట్టయితే 34 వేలు బూడిదలో పోసినట్టే. రెండేళ్లు ఉంచుకుంటే, మొత్తం మార్చాల్సి వచ్చినా నెలకు 1,400 చిల్లర పడుతుంది. 10,500 ఈఎంఐ పక్కన పెట్టి చూడండి.

నా ఓటు ఉంచుకోవడానికే. ఇంజిన్, గేర్‌బాక్స్ బాగున్నాయా అన్నది అదే రోజు చూపించుకోండి. వాటిలో పెద్ద జబ్బు బయటపడితే నా మాట వెనక్కి తీసుకుంటాను. లీకు పరీక్షలో 10 వేల లోపు తేలితే మారు మాట్లాడకుండా చేయించేయండి. కంప్రెసర్ నిజంగా పోయిందంటే రెండో చోట కూడా రేటు అడిగి, ఎఫ్‌డీలోంచి తీసి చేయించండి. క్రెడిట్ కార్డు వద్దు. ఇన్సూరెన్స్ మీద ఆశ పెట్టుకోకండి, అరుగుదలకు, పాతబడి పోయిన వాటికి మోటారు పాలసీ డబ్బివ్వదు.

చిట్టీ ఇప్పుడు పాడొద్దు. 34 వేల ఏసీ కోసం 45 వేలు వదులుకోవడం ఏం లెక్క? చివరిదాకా ఉంటే, 5 శాతం కమిషన్ అనుకుంటే, లక్షా 90 వేలు చేతికొస్తాయి. అప్పుడు కొత్త కారు కావాలనిపిస్తే ఆ డబ్బు డౌన్‌పేమెంట్‌కు పనికొస్తుంది, లోన్ ఆ మేరకు తగ్గుతుంది.

ఒకటి మాత్రం ఇప్పుడే డైరీలో రాసుకోండి. 2027 మార్చికి బండికి పదిహేనేళ్లు నిండుతాయి. ఢిల్లీ చుట్టుపక్కల పాత బండ్ల మీద ఉన్నలాంటి ఆంక్షలు మనకు లేవు, ఫిట్‌నెస్ చూపించి ఆర్‌సీ ఐదేళ్లకు రెన్యువల్ చేయించుకోవచ్చు. కారుకు రెన్యువల్ ఫీజు 5 వేలు, గ్రీన్ ట్యాక్స్ అదనం. ఈ నెల నుంచే నెలకు 1,500 విడిగా ఒక రికరింగ్ డిపాజిట్ (ఆర్‌డీ)లో వేయండి, రెన్యువల్‌కు, ఆ పైన టైర్లకు, బ్యాటరీకి సరిపోతుంది.

అమ్మగారి వచ్చే చెకప్ తేదీ చూసుకుని, దానికి వారం ముందే బండి ఇవ్వండి. కూలింగ్ కాయిల్ లీకైతే డ్యాష్‌బోర్డు విప్పాలి, సాయంత్రానికల్లా చేతికి రాదు. రోహిణి కార్తె దాకా ఆగారంటే ఏసీ షాపుల ముందు లైన్లో నిలబడాలి, అప్పుడు పక్కన నిలబడి చేయించుకునే తీరిక మీకూ ఉండదు, వాళ్లకూ ఉండదు.