సంఘం ఎదుట తప్పు ఒప్పుకోవలసి వచ్చినప్పుడు

ప్రియమైన తమ్మునికి, ప్రభువు నామమున వందనములు.

ఆరాధన మధ్యలో డోలక్ వాయించే కుర్రవాడిని అందరి ఎదుట కసరుకున్నావనీ, క్షమాపణ అడిగితే సంఘ కాపరిగా నీ మీద గౌరవం తగ్గుతుందేమోనని సంకోచిస్తున్నావనీ రాశావు. సంఘమంతా కళ్లారా చూసినదాన్ని ఇక దాచేదేముంది? ముందు ఆ కుర్రవాడి ఇంటికి వెళ్లి, తల్లిదండ్రులు వింటుండగా క్షమాపణ అడుగు. వచ్చే ఆదివారం వాక్యం మొదలుపెట్టకముందే, వాడిని అవమానించడం తప్పని రెండు మాటల్లో చెప్పి ఊరుకో. ఆ రోజు ఒంట్లో బాగాలేదనీ, సాతాను శోధించాడనీ జోడించావంటే ఒప్పుకోలు కాస్తా సంజాయిషీ అవుతుంది.

మొదటి సమూయేలు 15వ అధ్యాయం మరోసారి చదువు. దేవుని ఆజ్ఞ మీరిన సౌలు రాజు కూడా పాపం చేశానన్నాడు. అయితే జనానికి జడిశానని సాకు చెప్పి, చివరికి పెద్దల ఎదుట తనను ఘనపరచమని సమూయేలు ప్రవక్తను బతిమాలుకున్నాడు. దావీదు 51వ కీర్తనకైతే, ప్రధానగాయకునికి అప్పగించిన ఆ పాట తలకట్టులోనే, అతను ఎవరితో పాపం చేశాడో ఆ బత్షెబ పేరూ, అతన్ని నిలదీసిన నాతాను ప్రవక్త పేరూ ఉన్నాయి. మన ప్రసంగాల్లో తరచూ వినబడే “నేనూ బలహీనుడనే, నా కొరకు ప్రార్థించండి” అన్న మాట, నా దృష్టిలో, సౌలు వరుసలోనిదే. దానివల్ల చెప్పినవాడికి పోయేదేమీ లేదు, పైగా వినయవంతుడన్న పేరు వస్తుంది.

అలాగని ప్రతి బలహీనతనూ వేదిక మీదికి తేవద్దు. మనసులోని శోధనలనూ, ఇంట్లో భార్యతో వచ్చే మాటపట్టింపులనూ, నీ సంఘానికి సంబంధం లేని, నీ దగ్గర మొహమాటపడని ఒక పెద్ద కాపరితో చెప్పుకో.

ఒక విశ్వాసి దగ్గర చేసిన అప్పు సంగతిని ఉత్తరం చివర ఒక్క వాక్యంలో దాటవేశావు. నాకు డోలక్ సంగతికన్నా అదే బరువుగా తోచింది. ఎంత తీసుకున్నావో, ఎందుకు తీసుకున్నావో, ఎప్పటికి తీరుస్తావో కాగితం మీద రాసి సంఘ పెద్దల చేతికివ్వు. కానుకల పెట్టె తెరిచే చోట నీవు ఉండకు. ఇద్దరు పెద్దలు లెక్కించి పుస్తకంలో సంతకాలు చేయాలి. వారు కొన్నాళ్లు వాక్యసేవ ఆపమంటే ఆపు. ఎవరైనా నిలదీస్తే, దేవుడు ఏర్పరచుకున్న అభిషిక్తులను ముట్టకూడదన్న 105వ కీర్తన మాటను అడ్డం పెట్టుకోకు. అది దేశదేశాలు తిరిగిన అబ్రాహాము వంటి పితరులను రాజుల బారినుండి కాపాడిన సందర్భంలోనిది, లెక్కలు అడిగే విశ్వాసుల నోరు మూయించడానికి చెప్పినది కాదు. సంఘ పెద్దమీద దోషారోపణకు ఇద్దరు ముగ్గురు సాక్షులుండాలని తిమోతికి రాసిన పౌలే, ఆ వెంటనే పాపం చేసినవారిని అందరి ఎదుట గద్దించమన్నాడు. మనవాళ్లకు మొదటి వచనమే కంఠతా వస్తుంది.

పెద్దల దగ్గరికి వెళ్లేముందు, అప్పిచ్చిన ఆ విశ్వాసికి ఈ సంగతి నీవే చెప్పు. ఇతరుల నోట వింటే అతను నొచ్చుకుంటాడు.

ప్రభువు సేవలో,
నీ అన్న