కాల్చకుండా ఆగడం కూడా నేర్చుకోవాల్సిన పనే

"ప్రతిసారీ మన సైన్యం ఆగిపోతోంది. ఇది చేతకానితనం కాదా? రక్షణ విధానం మార్చుకోవద్దా?" అని నన్ను ఒకరు అడిగారు. నేను సైన్యంలో వాయు రక్షణ విభాగంలో, ఎక్కువ కాలం విమానాలను కూల్చే ఎల్-70 గన్ మీద పనిచేసి హవల్దారుగా రిటైరయ్యాను. నా అనుభవంలోంచి చెబుతాను.

మాది ఒడిశాలో గంజాం జిల్లా, గోపాల్‌పూర్. చేపల వేట మీద బతికే తెలుగు కుటుంబం. ఆర్మీ ఎయిర్ డిఫెన్స్ కాలేజీ ఉన్నది అక్కడే. ఫైరింగ్ ఉన్న రోజు ఆ వైపు వేటకు వెళ్ళొద్దని ముందే చెప్పేవారు. ఆ రోజు మా అయ్య ఒడ్డున కూర్చుని వల బాగుచేసుకునేవాడు. పెద్దయ్యాక అదే ఫైరింగ్ రేంజిలో నేను గన్ దగ్గర నిలబడ్డాను. ఒకసారి సాధన కోసం ఎగరేసే టార్గెట్ విమానం వచ్చేస్తోంది, గుండ్లు ఎక్కించి ఉన్నాయి, ఫైర్ ఆర్డర్ కోసం చెవులు రిక్కించి ఎదురుచూస్తున్నాం. ఇంతలో "స్టాప్" అని కేక వినిపించింది. హద్దు లోపలికి ఒక పడవ వచ్చింది. దాంట్లో ఉన్నది మా రేవు వాళ్ళే. ఎల్-70 నిమిషానికి 300 గుండ్ల దాకా కాలుస్తుంది. ఆ కేక వినగానే చేయి ఆగిందంటే, అన్నేళ్లు మాకు అది నేర్పబట్టే.

మా పనిలో ఎప్పుడు కాల్చొచ్చో చెప్పే మూడు మాటలుంటాయి: ఫ్రీ, టైట్, హోల్డ్. మనవాళ్ళు అని తేలనిదేదైనా కొట్టొచ్చంటే ఫ్రీ. శత్రువని తేలితేనే కొట్టాలంటే టైట్. ప్రాణం మీదికి వస్తే తప్ప ముట్టుకోకూడదంటే హోల్డ్. భయం లేనప్పుడు ఇవి సులువే, భయంలోనే తప్పు జరుగుతుంది. 2019 ఫిబ్రవరి 27న కశ్మీర్‌లోని బుడ్గాంలో మన క్షిపణే మన ఎంఐ-17 హెలికాప్టర్‌ని కూల్చింది. ఆరుగురు వైమానిక సిబ్బంది, నేల మీద ఒక పౌరుడు చనిపోయారు. అది పెద్ద తప్పేనని ఆ తర్వాత అప్పటి వైమానిక దళాధిపతి భదౌరియా ఒప్పుకున్నారు. ఆ వార్త చదివిన రోజు నాకు అన్నం సయించలేదు. టెన్షన్‌లో ఉన్న మనిషికి తెర మీద చుక్క ఎలా కనిపిస్తుందో నాకు తెలుసు.

అలాగని ఆగడం ఎప్పుడూ సరైనదేనని నేను అనను. 1999లో కార్గిల్ యుద్ధంలో నియంత్రణ రేఖ దాటొద్దని మన విమానాలకు ఆదేశం ఇచ్చారు. దానివల్ల కొండలెక్కే కుర్రాళ్ళ మీద భారం పెరిగింది. అయినా ప్రపంచం మన వైపు నిలిచింది, జూలైలో పాకిస్తాన్ వెనక్కి తగ్గక తప్పలేదు. అది లెక్క చూసుకుని ఆగడం. 2020 జూన్‌లో లద్దాఖ్‌లోని గల్వాన్‌లో చైనాతో జరిగింది వేరు. వాస్తవాధీన రేఖకు రెండు కిలోమీటర్ల లోపల కాల్పులు జరపకూడదని రెండు దేశాల మధ్య 1996 ఒప్పందం. అవతలివాడు మేకులు కొట్టిన కర్రలతో వచ్చినా మనవాళ్ళు తుపాకి వాడలేదు, 20 మందిని పోగొట్టుకున్నాం. అవతలివాడు మాట తప్పాక కూడా పాత కాగితం మన చేతులు కట్టేయడం నాకు మింగుడు పడదు. ఆ తర్వాత అక్కడి కమాండర్లకు స్వేచ్ఛ ఇచ్చారు, మంచి పని చేశారు.

ఇక విధానం సంగతి. ఆగగలగాలంటే ముందు వచ్చేదేమిటో కనిపించాలి. 2023లో 1,982 కోట్లకు ఒప్పందం చేసుకున్న ఆకాశ్‌తీర్ వ్యవస్థ పని అదే. రాడార్లు చూసినదంతా ఒక్క చిత్రంగా గన్ దగ్గరున్నవాడికి చేరుస్తుంది. 2025 మేలో పాకిస్తాన్ డ్రోన్లు గుంపులుగా వచ్చినప్పుడు మా పాత ఎల్-70లు కూడా వాటిని కూల్చాయంటే, గన్ ఒక్కదాని గొప్ప కాదు, చూపించే కళ్ళు వచ్చాయి. 2025-26లో రక్షణకు 6.81 లక్షల కోట్లు కేటాయించారు. అందులో ఇలాంటి కళ్ళకీ, మనవాడో కాదో గుర్తించే పరికరాలకీ, రాత్రి శిక్షణకీ వాటా పెరగాలన్నది నా కోరిక. నాలుగేళ్ల కోసమే సైన్యంలోకి తీసుకునే అగ్నివీర్ కుర్రాడికి ఆ నిదానం అలవడేంత సమయం దొరుకుతుందా అన్న దిగులు కూడా నాకుంది.

మా రేవు నుంచి ఈ మధ్య ఇద్దరు కుర్రాళ్ళు సెలక్షన్‌కి తయారవుతున్నారు. సాయంత్రాలు ఒడ్డున పరుగు పెట్టించి, తర్వాత కూర్చోబెట్టి ఆ పడవ రోజు సంగతే చెబుతుంటాను.