వీధి కాలువకూ, పింఛనుకూ ఒకే చోట అడగాలా?

కావలి దగ్గర పల్లెలో ఉంటూ, వీధికి మురుగు కాలువ, నాయనమ్మకు పింఛను రెండూ గ్రామ సచివాలయంలోనే అడగాలా అని మీరు అడిగారు. అర్జీ అక్కడ ఇవ్వొచ్చు, కానీ తర్వాత దారులు వేరు.

పింఛను మనిషి అర్హతను బట్టి వస్తుంది. వృద్ధాప్య పింఛనుకు 60 ఏళ్లు నిండాలి, మత్స్యకారులకైతే 50 చాలు. 2024 జూలై నుంచి నెలకు 4,000 రూపాయలు, సచివాలయ సిబ్బందే ఇంటికొచ్చి ఇస్తున్నారు.

కాలువ అలా కాదు. అది పంచాయతీ అభివృద్ధి ప్రణాళికలోకి ఎక్కాలి, అందుకు గ్రామసభలో అడగాలి. కేంద్రం పంచాయతీలకిచ్చే 15వ ఆర్థిక సంఘం (2021-26) గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే కేటాయించారు. కాబట్టి మురుగునీటి పనిగా అడగడం మేలు. సిమెంటు రోడ్డుతో కలిపి అడిగితే మిగతా డబ్బు కోసం ఊరంతటితో పోటీ పడాలి. "వీధంతా బురద" అంటే ఎవరూ రాసుకోరు. "రామాలయం నుంచి చెరువు తూము దాకా, ఇన్ని మీటర్లు" అని కాగితం మీద పెట్టండి. సర్పంచ్ గారు "చూద్దాంలే" అంటే లేచి వచ్చేయకండి, తీర్మానాల పుస్తకంలో రాసేదాకా అక్కడే కూర్చోండి.