స్టాచ్యూ ఆలస్యమైందని ఆర్డర్ రద్దు చేయకు

తమ్ముడూ, జనవరిలో మారతహళ్లికి రావాల్సిన స్టాచ్యూ (షోకేసులో పెట్టుకునే బొమ్మ) మార్చి వచ్చినా రాలేదు, సెల్లర్ మోసం చేశాడేమో అని టెన్షన్ పడుతున్నావు. అప్పుడే అలా అనుకోకు. కరోనా వల్ల 2020 జనవరి 23న చైనాలో వుహాన్ నగరాన్ని మూసేశారు. ఇలాంటి బొమ్మలు బాగా తయారయ్యే గ్వాంగ్‌డాంగ్ రాష్ట్రంలో కూడా ఫ్యాక్టరీలను ఫిబ్రవరి 9 దాటేదాకా తెరవొద్దన్నారు. తెరిచాక కూడా, చైనా కొత్త సంవత్సరానికి ఊళ్లకెళ్లిన కార్మికులు చాలామంది వెంటనే తిరిగి రాలేకపోయారు. రంగులు చేత్తో వేసే పని, మనుషులు లేనిదే సాగదు. నాదీ ఒకటి అక్కడే ఆగింది, నీ బాధ నాకు తెలుసు.

ఇప్పుడు సెల్లర్‌కు మెయిల్ పెట్టి, పెయింటింగ్ అయిందా, ప్యాకింగ్ అయిందా అని సూటిగా అడుగు. మిగతా డబ్బు షిప్పింగ్ నోటీసు వచ్చాకే కట్టు. అడ్వాన్సు కార్డుతో కట్టి ఉంటే, డిస్ప్యూట్ (కట్టిన డబ్బు వెనక్కి ఇప్పించమని బ్యాంకుకు ఫిర్యాదు) గడువు ఎప్పటిదాకా ఉందో బ్యాంకులో ఇవాళే కనుక్కో. అది మాత్రం దాటనివ్వకు.