టక్ మన్నంత మాత్రాన సీటు పడినట్టు కాదు

అమ్మలూ,

మీ అమ్మని బండి మీద శ్రీశైలం తీసుకెళ్తున్నావట. నిన్న రాత్రి ఫోనులో అక్క గొంతు వినాలి, ఇరవయ్యేళ్ల పిల్లలా ఉంది. మన ఇళ్లలో ఆడపిల్ల అమ్మని వెనక కూర్చోబెట్టుకుని ఘాట్ ఎక్కడం ఇదే మొదలు. పొంగిపోయాను. ఫోను పెట్టేసే ముందు ఆవిడే నెమ్మదిగా అంది: "వెనక సీటు కొంచెం ఊగుతుందిరా. షోరూంలో రెండుసార్లు చూపించింది. చేశామన్నారు, మళ్లీ అంతే." ఆ "కొంచెం" విన్నాక నిద్ర పట్టలేదు.

టైర్లలో గాలి, చెయిను బిగువు, బ్రేకులు నీకు తెలిసినవే, వాటి జోలికి పోను.

నీ బండికి ఒకే పొడుగు సీటు. దాన్ని పట్టుకుని ఉండేవి ముందు ట్యాంకు దగ్గర బ్రాకెట్టు కింద దూరే నాలుక, వెనక తాళంలో పడే వంకీ కడ్డీ. మిగతా బరువంతా అడుగున ఉన్న చిన్న రబ్బరు దిమ్మెలు, అంటే బుష్‌లు మోస్తాయి. బ్యాటరీ, ఫ్యూజులు సీటు కిందే కాబట్టి సర్వీసుకి ఇచ్చినప్పుడల్లా సీటు ఊడుతుంది. సాయంత్రం గేటు దగ్గర జనం నిలబడి ఉంటారు, కుర్రాడు తొందరలో సీటుని పైనుంచి పెట్టి వెనక ఒక గుద్దు గుద్దుతాడు. టక్ మంటుంది. పడింది అనుకుంటాడు, నువ్వూ అనుకుంటావు. ఆ చప్పుడు వెనక తాళానిది. నాలుక బ్రాకెట్టు కిందకి దూరకుండా దాని మీద ఎక్కి కూర్చున్నా అదే చప్పుడు వస్తుంది.

ఇక్కడి నుంచి ఒక తప్పు ఇంకో తప్పుని ఎలా కంటుందో చూడు. నాలుక పట్టు లేకపోతే సీటు మొత్తం తాళం చుట్టూ ఊగుతుంది. గతుకు పడ్డప్పుడల్లా మెలిక బలమంతా ఆ వంకీ కడ్డీ మీదే. కొన్నాళ్లకి కడ్డీ బోల్టులు వదులవుతాయి, వాటి చుట్టూ ప్లాస్టిక్ తెల్లగా పాలిపోయి తర్వాత చీలుతుంది. అప్పుడు నువ్వు "ఊగుతోంది" అని ఇస్తావు. వాళ్లు ఊగుతున్న చోటు చూస్తారు, అంటే వెనక. బోల్టులు బిగిస్తారు. అయినా ఊగితే అక్కడో రబ్బరు ముక్క దోపుతారు. పాత ట్యూబు కోసి పెట్టడం కూడా మామూలే. దాంతో సీటు వెనక వైపు లేస్తుంది, వాలు ముందుకి తిరుగుతుంది, బ్రేకు వేసినప్పుడల్లా వెనక మనిషి నీ వీపు మీదకి జారుతుంది. నువ్వు మళ్లీ వెళ్లి "జారుతోంది" అంటావు. ఈసారి మెత్తటి ఫోము, కొత్త కవరు అంటారు. మెత్తటి ఫోము మీద ఇంకా జారతారు. ఇంత ఖర్చూ అయ్యాక కూడా ముందు నాలుక ఎక్కడుందో చూసినవాడు ఉండడు. వెనకటి స్కూటర్లకి ఇద్దరికీ విడివిడి సీట్లు, దేని బోల్టులు దానికి, కింద స్ప్రింగులు. నడ్డి విరిగేది గానీ సీటు కదిలేది కాదు.

ఇప్పుడు లేచి బండి దగ్గరికి వెళ్లు. మెయిన్ స్టాండు వెయ్యి. తాళం తిప్పి సీటు తియ్యి. తాళం బిగుసుకుని తిరక్కపోతే బలంగా తిప్పి చెవి విరగ్గొట్టకు, ఒకరిని వెనక సీటుని కిందకి నొక్కమను, నువ్వు తిప్పు, వస్తుంది. బిగించేటప్పుడు సీటు ముందు భాగాన్ని కిందకి వంచి, నాలుక బ్రాకెట్టు కిందకి వెళ్లేదాకా ముందుకి తొయ్యి. ఆ తర్వాతే వెనక దించి సరిగ్గా తాళం ఉన్న చోట అరచేత్తో నొక్కు. టక్ మన్నాక మూడు లాగుళ్లు: ట్యాంకు పక్కన ముందు అంచు కింద వేళ్లు దూర్చి పైకి, రెండు చేతులతో సీటుని వెనక్కి, చివరికి వెనక అంచు పట్టుకుని పైకి. ముందు అంచు వేలెడు లేచిందంటే నాలుక పడలేదు. షోరూం నుంచి బండి బయటికి తెచ్చిన ప్రతిసారీ గేటు దాటకముందే ఈ మూడూ చెయ్యాలి. వెనక నిలబడ్డవాడు హారన్ కొడితే కొట్టనీ.

సీటు తీసి ఉండగానే తిరగేసి చూడు. నాలుక మొదట్లో పగులు ఉందా, తెల్లటి గీత ఉందా. బుష్‌లు అన్నీ ఉన్నాయా. ఊడిపోయిన బుష్ చోట ఖాళీ రంధ్రమో, దుమ్ము అంటని గుండ్రటి మచ్చో ఉంటుంది. ఉన్నవాటిలోనూ ఒకటి అరిగి పొట్టిదైతే సీటు మూడు కాళ్ల బల్లలా కదులుతుంది. ఇది కంటికి తెలీదు, పౌడరుతో తెలుస్తుంది. బుష్‌లన్నిటికీ ముఖానికి రాసుకునే పౌడరు అద్ది, సీటు బిగించి, మీరిద్దరూ ఒకసారి కూర్చుని లేవండి. మళ్లీ తీసి ఛాసిస్ మీద చూడు. తెల్ల మచ్చ పడిన చోట బుష్ ఆనుతోంది, పడని చోట గాల్లో ఉంది. ఆ బుష్‌లే మార్చాలి. సీటు మొత్తం మార్చాలని ఎవరైనా అంటే ముందు ఈ మచ్చలు చూపించమను. బుష్‌లు విడిగా దొరుకుతాయి, పార్టు నంబరు స్పేర్ పార్టుల పుస్తకంలో ఉంటుంది, కౌంటర్లో నంబరు చెప్పి ఆర్డరు పెట్టించు. సీటు అడుగున ఉండే ప్లాస్టిక్ పలక, అంటే బేస్ ప్లేటే పగిలితే మాత్రం అతికించకు. సీటు బేస్‌లు ఎక్కువగా పాలీప్రొపిలీన్‌వి, మామూలు జిగురు దాన్ని పట్టదు, పట్టినట్టు కనిపించి ఘాట్‌లో వదిలేస్తుంది.

వైర్లు కూడా చూడు. సీటు తొందరగా వేసినప్పుడు వైరింగ్ కట్ట బేస్ అంచుకీ ఛాసిస్‌కీ మధ్య నలుగుతుంది. పైన చుట్టిన టేపు నున్నగా మెరిసినా, నొక్కు పడినా అక్కడ నలిగినట్టే. లోపలి రాగి బయటపడి ఛాసిస్‌ని తాకితే ఫ్యూజు పోతుంది, దాంతో పాటు లైటూ పోవచ్చు. అది ఊళ్లో పోతే తోసుకుంటూ వస్తావు. మన్ననూరు దాటాక అడవిలో పోతే? కట్టని దాని క్లిప్పులోకి సర్దు. క్లిప్పు విరిగితే ప్లాస్టిక్ టై వెయ్యి. రెండు స్పేర్ ఫ్యూజులు, సరైన ఆంపియర్లవి, టూల్ కిట్‌లో పడెయ్యి.

ఇక ఫోము. బొటనవేలితో గట్టిగా నొక్కితే అడుగున బేస్ తగిలినట్టుంటే, లేదా ముప్పావు గంటకే తిమ్మిరెక్కుతుంటే, ఫోము చచ్చిపోయినట్టు. మోకాలితో నొక్కితే కుట్ల దగ్గర నీళ్లు ఊరితే తడి పట్టినట్టు. తడిదైతే కవరు విప్పించి, ఫోముని నీడలో గాలికి నిలబెట్టి రెండు మూడు రోజులు ఆరనియ్యి. చచ్చినదైతే షోరూంలో కాదు, సీటు కుట్టే మేస్త్రి దగ్గర చేయించు. కానీ నువ్వు పక్కనే నిలబడాలి. "మెత్తగా చెయ్యి" అనకు. అడుగున గట్టిది, పైన మెత్తది అని చెప్పు: కూర్చునే చోట ఫోము తవ్వి అంగుళం మందం రీబాండెడ్ ఫోము, అంటే రంగురంగుల ముక్కలు అతికించినట్టు ఉండే గట్టి ఫోము, పైన అరంగుళం కన్నా తక్కువ మెత్తటి పొర. జిగురు రెండు ముఖాలకీ పల్చగా పూసి, వేలికి అంటీ అంటనట్టు ఆరాక అతికించాలి. ముద్దగా పూస్తే గట్టిపడి గంటలో తొడకి రాయిలా తగులుతుంది. మొత్తం ఎత్తు మాత్రం పెరగనివ్వకు. నీకు ఇప్పుడే రెండు మడమలూ పూర్తిగా ఆనడం లేదని మీ అమ్మ చెప్పింది. రెండు సెంటీమీటర్లు పెరిగితే సిగ్నల్ దగ్గర బండి పడేస్తావు.

రెగ్జిన్ మెరిసేది వద్దు, గరుకుది తీసుకో. కుట్టు కూర్చునే గుంటలో రాకూడదు, నీళ్లు నిలిచేది అక్కడే. ఫోముకీ కవరుకీ మధ్య పల్చటి పాలిథిన్ షీటు వేయించు. స్టేపుల్ పిన్నులు ఆరు మిల్లీమీటర్ల కాళ్లవి, తుప్పు పట్టనివి. ముందు మధ్యన ఒకటి, వెనక మధ్యన ఒకటి కొట్టి, తర్వాత కుడీ ఎడమా మార్చి మార్చి లాగుతూ కొట్టాలి. ఒక పక్కంతా కొట్టేసి రెండో పక్క లాగేవాడైతే కుట్టు వంకర పోతుంది, కవరు తిరిగి ఇచ్చెయ్యి.

షోరూం మాట. అక్కడి మనుషులు చెడ్డవాళ్లని కాదు. నువ్వు రిసెప్షన్‌లో చెప్పిన మాట మెకానిక్ దాకా వెళ్లదు, జాబ్ కార్డులో రాసిందే వెళ్తుంది. "సీటు ప్రాబ్లం" అని రాస్తే తుడిచి ఇచ్చినా పని అయినట్టే. లక్షణం, చోటు, ఎప్పుడు, మూడూ రాయించు: "వెనక మనిషి కూర్చుంటే సీటు ఎడమకి కదులుతోంది. ఎడమ వెనక బుష్ ఛాసిస్‌కి ఆనడం లేదు. ముందు నాలుక బ్రాకెట్టులో పడుతోందో లేదో చూడాలి." కిలోమీటర్ల రీడింగు కనిపించేలా ఫొటో తియ్యి, సీటు అడుగు భాగం ఫొటో తియ్యి. జాబ్ కార్డు నకలు లేకుండా తాళం చెవి ఇవ్వకు. మార్చిన పాత భాగాలు అడిగి తెచ్చుకో, లేకపోతే మార్చారో లేదో నీకెలా తెలుస్తుంది? మెకానిక్‌నే వెనక కూర్చోబెట్టుకుని ఒక చుట్టు తిరిగి వచ్చాకే సంతకం. సిగ్గుపడకు.

వారంటీలో రాదంటే ఆ మాట కాగితం మీద రాసి ఇమ్మను. రబ్బరు, రెగ్జిన్ అరుగుదల కింద తీసేస్తారు, అది చాలా వారంటీ పుస్తకాల్లో ఉన్నదే. బేస్ చీలడం, తాళం బ్రాకెట్టు వంగడం అరుగుదల కాదు, అక్కడ తగ్గకు. సర్వీస్ మేనేజరు దగ్గర తేలకపోతే జాబ్ కార్డు నంబర్లతో కంపెనీకి మెయిల్ పెట్టు. అదీ కాకపోతే 1915కి ఫోను చెయ్యి, జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఆపైన జిల్లా వినియోగదారుల కమిషన్. 2019 చట్టం ప్రకారం నువ్వు ఉంటున్న జిల్లాలోనే వెయ్యొచ్చు, సమస్య మొదలైన రెండేళ్లలోపు వెయ్యాలి, చెల్లించిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు. అక్కడ చెల్లేది నీ కోపం కాదు, ఆ నకళ్లూ ఫొటోలే.

ఇంకొకటి, దీనికి మీ అమ్మ ఒప్పుకోదు, నా పేరు చెప్పి ఒప్పించు. చీర కట్టుకుని పక్కకి తిరిగి కూర్చోకూడదు. అలా కూర్చుంటే బరువంతా సీటు ఎడమ అంచు మీద పడుతుంది. నీ సీటు ఎడమకే ఊగుతోందంటే కారణంలో సగం అదే కావచ్చు, ఆ పక్క బుష్‌లు ముందు అణిగిపోతాయి. దిగుడు మలుపులో బ్రేకు వేస్తే ఆవిడ పట్టుకోవడానికి నీ భుజం తప్ప ఏమీ ఉండదు. చుడీదార్ వేసుకుని అటొక కాలు ఇటొక కాలు వేసి కూర్చోవాలి, వెనక పట్టుకునే కడ్డీ ఉండాలి. సీటు అందంగా కుట్టే మోజులో ఆ కడ్డీ పీకించేవాళ్లున్నారు. మోటారు వాహనాల నియమాల్లో 123వది బైకుకి చేతిపట్టు ఉండి తీరాలంటుంది, చట్టంలో 128వ సెక్షను వెనక మనిషి గట్టిగా బిగించిన సరైన సీటు మీదే కూర్చోవాలంటుంది. మా అక్కకి చట్టం చెబితే వినదు, మలుపులు గుర్తుచెయ్యి.

సీటు బాగయ్యాక నేరుగా శ్రీశైలం బయల్దేరకు. ఒక ఆదివారం ఇద్దరూ యాదగిరిగుట్ట వెళ్లి రండి, హైదరాబాదు నుంచి అరవై కిలోమీటర్లు. ఇంటికొచ్చాక మళ్లీ సీటు తీసి కడ్డీ బోల్టులు వదులయ్యాయా, పౌడరు మచ్చలు మారాయా చూడు. శ్రీశైలానికి తెల్లవారాకే బయల్దేరండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9 నుంచి పొద్దున 6 దాకా మూసేస్తారు, కాబట్టి తిరుగు ప్రయాణం సాయంత్రానికి పెట్టుకుని ఆ టైముకి పరిగెత్తకండి. రాత్రి సత్రంలో ఉండి మర్నాడు రండి.

ఈ ఉత్తరం చదవగానే సీటు అడుగు భాగం ఫొటోలు పంపు. ముందు నాలుక దగ్గర నుంచి ఒకటి, తాళం కడ్డీ ఒకటి, బుష్‌లన్నీ కనిపించేలా ఒకటి. లైటు వేసి తియ్యి, కిందటిసారి నువ్వు పంపిన ఫొటోలో నీ చెప్పులు తప్ప ఏమీ కనబడలేదు. నాలుక మొదట్లో తెల్ల గీత ఉంటే మాత్రం ఫొటోలతో ఆగకు, వెంటనే ఫోను చెయ్యి, ఎంత రాత్రయినా సరే.

మీ మామయ్య