లైన్ లీడర్ అయ్యాక నిద్ర పట్టడం లేదు

ప్రశ్న: రేణిగుంట దగ్గర ఎలక్ట్రానిక్స్ ఫ్యాక్టరీలో పనిచేస్తున్నాను. ఈమధ్యే లైన్ లీడర్‌ని చేశారు. నిన్నటిదాకా ఒకే బల్ల మీద క్యారియర్లు విప్పుకుని తిన్న అమ్మాయిలు ఇప్పుడు నన్ను చూస్తే మాటలు ఆపేస్తున్నారు. మెత్తగా ఉంటే టార్గెట్ పోతుందంటాడు మేనేజర్. అరిస్తే నాకు రాత్రి నిద్ర ఉండదు. ఒకమ్మాయి వాళ్ల నాన్నకు బాగాలేదని మాటిమాటికీ లేటు, నేను ఊరుకుంటే మిగతావాళ్లు గొణుగుతున్నారు. ఇంట్లో పిల్లల మీద విసుక్కుంటున్నా. మా ఆయన ఆ పదవి వదిలెయ్ అంటున్నారు.

జవాబు: వదిలెయ్యమని మాత్రం నేను చెప్పనమ్మా. ఆ మేనేజర్ పైవాళ్ల దగ్గర తిన్న చీవాట్లు మీకు, మీవి అమ్మాయిలకు, మిగిలినవి ఇంటికొచ్చి పిల్లలకు. ఎవరో ఒకరు ఆపాలిగా, మీరు ఆపొచ్చు. టార్గెట్ ఎంతో చెప్పండి, ఎందుకు తగ్గిందో అడగండి, ఆయన అన్న మాటలు మాత్రం కిందికి మోయకండి.

అమ్మాయిలు మాటలు ఆపడం కొంత మామూలే, అది మీరు ఓర్చుకోవాలి. ఓవర్‌టైమ్‌కి పేర్లు రాసేది మీరే అయ్యాక 'నేనూ మీలాంటిదాన్నే' అంటే వాళ్లెలా నమ్ముతారు? 'లీవు ఇచ్చేది నేను కాదు, అడిగి రేపు చెప్తా' అని ఉన్నదున్నట్టు చెప్పండి, రేపు తప్పకుండా చెప్పండి, లీవు రాలేదన్న మాటైనా సరే. క్యారియర్ మాత్రం అక్కడే విప్పండి, తినేటప్పుడు పని మాటలొద్దు.

ఇక ఆ లేటు అమ్మాయి. ఊరుకోవడం దయ అని మీరనుకుంటున్నారు, నేననుకోను. ఏ పూట ఎవరేమంటారోనని ఆమె బిక్కుబిక్కుమంటూ వస్తోంది, ఆమె పని లాగుతున్నవాళ్లు లోపల్లోపల ఉడుకుతున్నారు. షిఫ్టు అయ్యాక పక్కకు పిలిచి 'ఇన్నిసార్లు లేటయ్యావు, లైన్ ఆగుతోంది' అని ముందు ఆ మాట చెప్పేయండి, తర్వాత నాన్నను ఎక్కడ చూపిస్తున్నారు, ఎవరు తీసుకెళ్తున్నారు అని అడిగి, అడ్డు రాకుండా వినండి. తిరుపతి రుయా ప్రభుత్వాసుపత్రిలో ఓపీ చీటీ కోసం పొద్దున్నే వరసలో నిలబడి అక్కణ్ణుంచి పరిగెత్తుకొస్తోందేమో, అలాగైతే ఆ రోజులకు షిఫ్టు మార్చమని మీరు పైన అడగొచ్చు. ఇంకోటి, నెల జీతం 21,000 దాటనివాళ్లకు ఈఎస్ఐ, అంటే ఉద్యోగుల ఆరోగ్య బీమా, ఉంటుంది కదా, ఆమె మీద ఆధారపడిన అమ్మానాన్నలకూ అందులో వైద్యం వస్తుంది, వాళ్ల ఆదాయం నెలకు 9,000 దాటకపోతే. చేరేటప్పుడు తల్లిదండ్రుల పేర్లు రాయించనివాళ్లు ఉంటారు, ఆమె రాయించిందో లేదో హెచ్ఆర్‌లో కనుక్కోండి. ఈఎస్ఐ ఆసుపత్రి తిరుపతిలోనే ఉంది.

మిగతావాళ్లు గొణిగితే ఆమె ఇంటి సంగతులు చెప్పొద్దు. 'మీకు ఇబ్బందొస్తే మీకూ ఇదే చేస్తా' అనండి, అవసరం వచ్చినప్పుడు చేయండి. ఇంత చేశాక కూడా లేటైతే పైకి రాసి పంపక తప్పదు, ఆ సంగతి ముందే ఆమెకు చెప్పి ఉంచండి.

మీ ఆయన వదిలెయ్ అంటున్నది మీ వాలకం చూడలేకేమో. బయట బాధ్యత పెరిగిందే గానీ ఇంట్లో ఒక్క గిన్నె కూడా తగ్గలేదని నాకు అనుమానం (నాకొచ్చే ఉత్తరాల్లో చాలావరకు ఇదే కథ). వారంలో రెండు మూడు రాత్రులు వంట ఆయన్ని చూసుకోమనండి. కంపెనీ బస్సు దిగి నేరుగా పిల్లల హోంవర్క్ మీద పడకుండా, ఓ పావుగంట టీ తాగుతూ కూర్చోండి. కొన్ని వారాలు చూసి, అప్పటికీ నిద్ర పట్టకపోతే డాక్టర్ని కలవండి, వాయిదా వెయ్యొద్దు.