వేటకు కాంపౌండ్ విల్లు కొనేటప్పుడు వేగాన్ని చివరన చూడండి

ఇంతకాలం రికర్వ్ విల్లుతో (కొనలు ముందుకు వంగిన, చక్రాలు లేని విల్లుతో) గురి అభ్యాసం చేసిన మీరు, ఇప్పుడు జింక వేట కోసం కాంపౌండ్ విల్లు (కొనల్లో కామ్ అనే చక్రాలు, వాటిని కలిపే కేబుళ్లు ఉన్న విల్లు) కొనాలనుకుంటున్నారు. 70 పౌండ్ల బరువు (నారిని లాగడానికి కావలసిన బలం), సెకనుకు 340 అడుగుల వేగం అని రాసి ఉన్న విల్లు మీకు నచ్చింది. అది సరైన ఎంపికేనా, కొన్నాక దాన్ని ఎలా అమర్చుకోవాలి అన్నది మీ ప్రశ్న. కొన్నేళ్లుగా కాంపౌండ్ విల్లుతో వేటాడుతూ, అభ్యాస మైదానంలో తోటివారి విళ్లను సరిచేయడంలో చేయి కలుపుతూ వచ్చిన అనుభవంతో చెబుతున్నాను: మీ ఒంటి కొలతకు సరిపోయే విల్లును, మీరు నిదానంగా, చప్పుడు లేకుండా లాగగలిగే బరువులో తీసుకోండి. వేగం సంగతి అన్నిటి తరువాత చూడవచ్చు.

ఆ 340 అనే అంకె ఎలా పుట్టిందో తెలిస్తే దాని మీద మోజు కొంత తగ్గుతుంది. తయారీదారులు సాధారణంగా ఆ వేగాన్ని 70 పౌండ్ల బరువు, 30 అంగుళాల డ్రా లెంగ్త్ (నారిని వెనక్కి లాగే పొడవు), 350 గ్రెయిన్ల (సుమారు 23 గ్రాముల) తేలికపాటి బాణంతో కొలుస్తారు. డ్రా లెంగ్త్ ఒక అంగుళం తగ్గితే వేగం సుమారు 10 అడుగులు తగ్గుతుంది. బరువు ఒక పౌండు తగ్గితే దాదాపు 2 అడుగులు, బాణం 3 గ్రెయిన్లు పెరిగితే సుమారు ఒక అడుగు పోతుంది. 28 అంగుళాల డ్రా లెంగ్త్, 60 పౌండ్ల బరువు, 420 గ్రెయిన్ల వేట బాణంతో లెక్క కట్టి, నారి మీద పీప్ (గుండా చూసి గురిపెట్టే చిన్న రంధ్రం), డి-లూప్ (నారిని పట్టి లాగే చిన్న ఉచ్చు) తినేసే నాలుగైదు అడుగులను కూడా తీసివేస్తే, అదే విల్లు మీ చేతిలో సెకనుకు సుమారు 270 అడుగుల వేగాన్నే ఇస్తుంది. ఇందులో విచారించవలసింది ఏమీ లేదు. ఆ వేగంతో పోయే 420 గ్రెయిన్ల బాణానికి దాదాపు 68 అడుగు-పౌండ్ల శక్తి ఉంటుంది. జింకకు అది కావలసినదానికంటే ఎక్కువే.

అన్నిటికంటే ముందు తేల్చుకోవలసినది డ్రా లెంగ్త్. రికర్వ్‌లో నారిని మీకు వీలైనంత వరకు లాగి ఆపుకునేవారు. కాంపౌండ్ విల్లులో మాత్రం కామ్ తిరగడం ముగిసిన చోట ఒక గోడ తగిలినట్లు లాగుడు ఆగిపోతుంది. కాబట్టి ఆ ఆగే చోటు మీ శరీరానికి సరిపోవాలి తప్ప, మీ శరీరం దానికి సర్దుకోకూడదు. రెండు చేతులూ బార చాచి, ఒక మధ్యవేలి కొన నుంచి మరొక మధ్యవేలి కొన వరకు ఎన్ని అంగుళాలున్నాయో కొలిపించి 2.5తో భాగించండి, 70 అంగుళాల బారకు 28 అంగుళాలు వస్తుంది. ఇది మొదటి అంచనా మాత్రమే. విల్లు పూర్తిగా లాగినప్పుడు మీ తల వెనక్కి వాలుతున్నా, నడుము వెనక్కి వంగుతున్నా, వదిలినప్పుడు నారి ముంజేతికి తగులుతున్నా పొడవు ఎక్కువైనట్లే. అనుమానం వస్తే అర అంగుళం తక్కువ వైపే మొగ్గమంటాను, ఎందుకంటే చలికి వేసుకున్న మందపాటి కోటు చేతి మీదకు నారి రావడం వేటలోనే జరుగుతుంది, మైదానంలో కాదు. మాడ్యూల్‌ను (కామ్ మీది చిన్న పలకను) తిప్పి డ్రా లెంగ్త్ మార్చుకోగలిగే కామ్ ఉన్న విల్లును కొంటే ఈ సవరణలు మీరే చేసుకోవచ్చు. మీకు కుడిచేతి విల్లు కావాలా, ఎడమచేతి విల్లు కావాలా అన్నది కూడా ఈ దశలోనే, మీ ప్రధాన నేత్రం ఏదో పరీక్షించి తేల్చుకోండి.

బరువు విషయంలో నా పట్టుదల కొంచెం ఎక్కువ. కాంపౌండ్ విల్లు గొప్పతనం లెట్-ఆఫ్‌లో, అంటే పూర్తిగా లాగాక చేతి మీద భారం తగ్గిపోవడంలో ఉంది. మిస్సోరీకి చెందిన హోలెస్ విల్బర్ అలెన్‌కు 1969లో పేటెంటు తెచ్చిపెట్టిన ఆలోచన కూడా అదే. 80 శాతం లెట్-ఆఫ్ ఉన్న 60 పౌండ్ల విల్లును పూర్తిగా లాగాక మీ వేళ్ల మీద నిలిచే బరువు 12 పౌండ్లే. అయితే ఆ 12 పౌండ్ల దగ్గరికి చేరాలంటే మధ్యలో 60 పౌండ్ల శిఖరాన్ని దాటాలి. వేటలో ఆ శిఖరాన్ని దాటేది గంటల తరబడి చలిలో కదలకుండా కూర్చుని బిగుసుకుపోయిన భుజాలతో, జింక తల తిప్పిన రెండు మూడు క్షణాల్లో. అందుకే దుకాణంలో నిలబడి కాదు, కుర్చీలో కూర్చుని, పాదాలు నేల నుంచి ఎత్తి, బాణం మొనను లక్ష్యం నుంచి కదపకుండా నారిని తిన్నగా వెనక్కి లాగి చూడండి. విల్లును ఆకాశం వైపు ఎత్తితే గాని లాగలేకపోతే ఆ బరువు మీది కాదు. 70 పౌండ్లు లాగగలిగిన వారిలో చాలామంది ఈ పరీక్షలో 60 దగ్గర ఆగడం చూశాను; నేను కూడా 60 దగ్గరే వేటాడతాను. 50 నుంచి 60 వరకు సర్దుకునే లింబ్‌లు (విల్లులో వంగే పై, కింది భాగాలు) తీసుకుని, మొదట 52 లేదా 54 దగ్గర పెట్టుకుని, కండరాలు అలవాటుపడ్డాక పెంచుకోండి. బరువు మార్చడానికి లింబ్ బోల్టులను పైనా కిందా సమానంగా తిప్పాలి, తయారీదారు చెప్పిన చుట్ల కంటే ఎక్కువ వదులు చేయకూడదు. కనీస బరువు, బ్రాడ్‌హెడ్ (వేట బాణానికి తొడిగే పదునైన రెక్కల మొన) వెడల్పు, వేట కాలం వంటివాటికి ఒక్కో ప్రాంతంలో ఒక్కో నిబంధన ఉంటుంది గనుక, లైసెన్సు తీసుకునేటప్పుడే వాటిని చదివి, ఆ తరువాతే విల్లుకు డబ్బు కట్టండి.

వేగం పెరిగితే జింక తప్పించుకోలేదని చాలామంది వాదిస్తారు. లెక్క వేసి చూద్దాం. 30 గజాలు అంటే 90 అడుగులు. సెకనుకు 270 అడుగుల బాణం అక్కడికి చేరడానికి సెకనులో మూడో వంతు పడుతుంది. నారి చప్పుడు మాత్రం సెకనుకు 1,100 అడుగులకు పైగా పోతుంది గనుక 0.08 సెకనులోనే జింక చెవిన పడుతుంది. అంటే దానికి పావు సెకను చిక్కుతుంది. ఉలిక్కిపడిన జింక దూకడానికి ముందు కాళ్లు మడిచి ఒళ్లు కిందికి దించుతుంది. ఏ వస్తువైనా పావు సెకనులో ఒక అడుగు కిందికి పడుతుంది కాబట్టి, జింక తేరుకోవడానికి పట్టే సమయం తీసివేసినా, బాణం వీపు మీదుగా పోవడానికి సరిపడా ఎడం మిగులుతుంది. ఇప్పుడు వేగాన్ని 300 అడుగులకు పెంచండి: మీకు కలిసివచ్చేది 0.03 సెకను. అదే 20 గజాల దాకా రానిస్తే 0.11 సెకను కలిసివస్తుంది. కాబట్టి చప్పుడు తగ్గించడానికీ, దగ్గరకు రానివ్వడానికీ పెట్టే శ్రద్ధ వేగం మీద పెట్టే డబ్బు కంటే ఎక్కువ ఫలితం ఇస్తుంది. నారి నిలిచే చోట స్ట్రింగ్ స్టాప్, నారికి రబ్బరు డాంపర్లు, అన్నిటికంటే ముఖ్యంగా కాస్త బరువైన బాణం, ఇవన్నీ చప్పుడును మింగేస్తాయి.

మిగిలిన కొలతలు తొందరగా చెప్పేస్తాను. ఒక కామ్ ఇరుసు (ఆక్సిల్) నుంచి మరొక కామ్ ఇరుసు వరకు 30 నుంచి 33 అంగుళాలు ఉంటే మంచెలోనూ పనికొస్తుంది, గురి దగ్గర కూడా నిలకడగా ఉంటుంది. బ్రేస్ హైట్ (లాగని నారికీ పిడికీ మధ్య దూరం) 6 అంగుళాల కంటే తగ్గితే చేతిలోని చిన్న తప్పు కూడా పెద్దదై కనిపిస్తుంది గనుక ఆరున్నర, ఏడు మంచివి.

బాణం దగ్గర మాత్రం తొందర వద్దు. విల్లు బరువులో ప్రతి పౌండుకు బాణం కనీసం 5 గ్రెయిన్లు ఉండాలన్నది పరికరం పగిలిపోకుండా పెట్టిన హద్దు మాత్రమే; వేటకు 7 చుట్టూ ఉంటే బాగుంటుంది. 60 పౌండ్లకు 420 గ్రెయిన్లు అన్నది అలా వచ్చిన లెక్కే. బాణపు గట్టిదనాన్ని స్పైన్ అంకె చెబుతుంది. 28 అంగుళాల ఎడంలో ఆనించిన కర్ర మధ్యలో 880 గ్రాముల బరువు వేలాడదీస్తే అది అంగుళంలో ఎన్ని వెయ్యో వంతులు వంగిందో ఆ అంకె సూచిస్తుంది. అందుకే 340 స్పైన్ బాణం 400 కంటే గట్టిది. విల్లు బరువు, బాణపు పొడవు, మొన బరువు మూడూ చూసి పట్టికలో స్పైన్ ఎంచుకోండి. రెంటి మధ్య సందిగ్ధం వస్తే వేట విల్లుకు గట్టిదాన్నే తీసుకోమంటాను. కార్బన్ బాణాన్ని ప్రతిసారీ వేసే ముందు చేత్తో కాస్త వంచి, పగుళ్ల చప్పుడు వస్తుందేమో విని, అనుమానం ఉన్నదాన్ని విరిచి పారేయండి.

ఇక అమరిక. దీనిలో వరుస తప్పితే చేసిన పని మళ్లీ చేయవలసి వస్తుంది. మొదట కామ్‌లు: రెండు కామ్‌ల విల్లయితే పైదీ కిందిదీ ఒకే క్షణంలో ఆగుతున్నాయా అని, మీరు నెమ్మదిగా లాగుతుండగా పక్కనుంచి ఇంకొకరు చూడాలి. తేడా ఉంటే కేబుల్‌కు మెలికలు వేసి సరిచేస్తారు, కానీ అది బో ప్రెస్‌లో (లింబ్‌లను అదిమి పట్టే యంత్రంలో) పెట్టి చేయవలసిన పని. ప్రెస్ లేకుండా నారిని విప్పే ప్రయత్నం చేయవద్దు. తరువాత రెస్ట్, అంటే బాణం ఆనే ఆధారం. బాణం రైజర్‌లోని (విల్లు మధ్య పిడి భాగంలోని) బెర్గర్ రంధ్రం (రెస్ట్ బిగించే రంధ్రం) మధ్యకు ఎదురుగా, నారికి లంబంగా ఉండాలి. పక్కకు చూస్తే రైజర్ నుంచి బాణం మధ్యకు సుమారు 13/16 అంగుళం దగ్గర మొదలుపెట్టవచ్చు. బాణం వెళ్లగానే కిందికి పడిపోయే రెస్ట్ ఖచ్చితమైనది, బాణాన్ని చుట్టూ కుచ్చులతో పట్టుకునే రెస్ట్ మొండిది. పొదల్లో నడిచి వేటాడేవారికి రెండోదే మేలని నా అభిప్రాయం.

పీప్‌ను కళ్లు మూసుకుని అమర్చుకోవాలి. కళ్లు మూసి నారి లాగి, చేయి దవడ దగ్గర రోజూ ఆనే చోట ఆనించి, అప్పుడు కళ్లు తెరవండి; పీప్ రంధ్రం తనంతట తానుగా కంటి ఎదుట ఉండాలి, దాన్ని వెతుక్కుంటూ మెడ వంచవలసి వస్తే పీప్‌ను జరపాలి. వేట దొరికేది తెల్లవారుజామునా సంధ్యవేళా గనుక 1/4 అంగుళం రంధ్రం తీసుకోండి. చిన్న రంధ్రం పట్టపగలు బాగుంటుంది, మసక వెలుతురులో ఏమీ చూపదు. సైట్ పిన్‌ను (గురి చూసే పుల్లను) మాత్రం బాణం తగిలిన వైపే జరపాలి: బాణాలు ఎడమకు పోతుంటే పిన్ ఎడమకు, కిందికి పోతుంటే పిన్ కిందికి.

రెండు గజాల దూరం నుంచి బిగించిన కాగితం గుండా వేసి, చిరుగు గుండ్రంగా వచ్చేదాకా సవరించడం మంచి ఆరంభమే గాని, అక్కడితో ఆగిపోతే వేటకు సిద్ధమైనట్లు కాదు. ఫీల్డ్ పాయింట్‌తో (సాధనకు వాడే మామూలు మొనతో) ఒకేచోట పడే బాణాలు, వెడల్పైన రెక్కలున్న బ్రాడ్‌హెడ్ తొడగగానే మరోచోట పడవచ్చు, ఎందుకంటే బాణం కాస్త వంకరగా బయలుదేరినా ఆ రెక్కలు గాలిని పట్టుకుంటాయి. రెంటినీ ఒకే బరువులో తీసుకుని 20 గజాల నుంచి వేసి పోల్చండి. బ్రాడ్‌హెడ్‌లు ఎడమకు పడితే రెస్ట్‌ను వెంట్రుకవాసి కుడికి, కిందికి పడితే వెంట్రుకవాసి పైకి జరపాలి; అంటే ఫీల్డ్ పాయింట్లు ఉన్న దిక్కుకు. రెండూ కలిశాకే సైట్ పిన్‌ను ముట్టుకోండి. సాధనకు వాడి మొద్దుబారిన రెక్కలను వేటకు తీసుకుపోవద్దు.

చెట్టు మీది మంచె నుంచి వేసేటప్పుడు, వాలులో వేసేటప్పుడు నేల మట్టపు దూరమే లెక్కకు వస్తుంది. 30 డిగ్రీల వాలులో కంటికి 30 గజాలుగా కొలిచినది, గురి విషయంలో 26 గజాలే. జింక పక్కకు తిరిగి నిలిచినప్పుడో, మీ నుంచి కాస్త అవతలికి మళ్లినప్పుడో, ఊపిరితిత్తుల చోటు తెరుచుకున్నప్పుడు మాత్రమే వదలండి. ఎదురుగా నిలిచిన జింక మీద వేయవద్దు.

అన్నీ కుదిరాక కామ్‌లు, లింబ్‌లు కలిసే చోట, రెస్ట్ మీద, సైట్ మీద సన్నని గుర్తులు పెట్టుకోండి. కొత్త నారి మొదటి వంద బాణాల్లో కాస్త సాగుతుంది. ఆ గుర్తులు చెదిరితే ఏది కదిలిందో వెంటనే తెలుస్తుంది. నారికి అప్పుడప్పుడు మైనం పట్టించండి, పోగులు తెగినట్లు కనిపిస్తే మార్పించండి. విల్లును చూడటానికి ఎవరి చేతికి ఇచ్చినా, బాణం లేకుండా నారి లాగి వదలవద్దని ముందే చెప్పి ఇవ్వండి.